ఒక ప్రక్క తెడ్డు – రెండు ప్రక్కల దేహం

మానవ దేహానికి నడుమ నిలువుగా ఒక గీత గీచి చూస్తే కుడి ఎడమలు ఒకదానికొకటి ప్రతిబింబాలని మనం చిన్ననాటి నుండి నమ్ముతూ వస్తున్నాము. చర్మం పైనుండి చూచేవారికి అది నిజమే అనిపిస్తుంది. లోపల మాత్రం సంగతి వేరు. గుండె ఎడమకు ఒరిగి ఉంటుంది. కాలేయం కుడివైపును ఆక్రమించుకొని ఉంటుంది. కుడి ఊపిరితిత్తికి మూడు తమ్మెలు, ఎడమ ఊపిరితిత్తికి రెండే. పైకి కనిపించే దేహంలో కూడా ఈ తేడా లేకపోలేదు. కొలతలు తీసే దర్జీని అడిగి చూడండి. రెండు భుజాలు సరిగా ఒకే ఎత్తున ఉన్న మనిషి తన దుకాణానికి ఎన్నడో గాని రాడని చెబుతాడు.

ఈ చిన్న సత్యం తెలియకపోవడం వలన మన విద్యార్థి ఒకడు ఒక సంవత్సరం పాటు తనకు ప్రియమైన క్రీడకు దూరమైనాడు. ఆ కుర్రవాడు హుస్సేన్ సాగరంలో పడవ పందేల సాధన చేసేవాడు. ఒక ఎంపిక సందర్భంలో దేహపరీక్ష జరిపినవారు అతని చొక్కా విప్పించి చూచి, కుడి భుజం ఎడమ భుజం కంటె క్రిందుగా ఉన్నదనీ, వెన్నుకు ఒక ప్రక్క కండరం ఉబ్బెత్తుగా ఉన్నదనీ కాగితం మీద వ్రాసి, "పడవ వలన వెన్ను వంకర పోయింది, మానివేయవలసినది" అని చెప్పి పంపినారు. నొప్పి ఉన్నదా అని అడగలేదు. వంగి చూపుమని కూడా అనలేదు. మరునాడు అతని తండ్రి కళాశాలకు వచ్చినాడు. లారీల మరమ్మతు చేసి బ్రతికే మనిషి. "సార్, స్టీరింగు ఒక ప్రక్కకు గుంజితే టైరు ఆ ప్రక్కనే అరుగుతుంది. మావాని నడుము గూడ అట్లనే అరిగిపోయిందా? నడుము పోతే రేపు వాడు ఏం పని చేసి బ్రతుకుతాడు?" అని అడిగినాడు.

ఆనాడు నా వద్ద సమాధానం లేదు. కొన్నాళ్ళకు కళాశాల కమిటీ పెద్దలు కూడా, విద్యార్థులను ఈ క్రీడకు పంపవచ్చునా అని నన్నే అడిగినారు. నేను శరీరధర్మశాస్త్రం బోధించేవాణ్ణి గాని తెడ్డు పట్టినవాణ్ణి కాను. ఆ ప్రశ్నకు జవాబు వెదుకుతూ నేను చదివినదీ, తెల్లవారుజామున గట్టున నిలబడి చూచినదీ ఈ వ్యాసంలో పొందుపరుస్తున్నాను.

ముందుగా ఈ క్రీడను గూర్చి నాలుగు మాటలు. పందెపు పడవ నడిపేవాడు పడవ వెనుక భాగానికి అభిముఖంగా కూర్చుంటాడు. గమ్యం ఎల్లప్పుడూ అతని వీపు వెనుకనే ఉంటుంది. పాదాలు రెండూ ఒక పలకకు బిగించిన బూట్లలో ఉంటాయి. కూర్చున్న పీట చిన్న చక్రాల మీద ముందుకూ వెనుకకూ జారుతుంది. ఈ జారుడు పీట వెనుకటి కాలంలో లేదు. ఇంగ్లండులో ఆక్స్‌ఫర్డ్, కేంబ్రిడ్జి విశ్వవిద్యాలయాల మధ్య 1829లో మొదలైన సుప్రసిద్ధమైన పందెంలో ఇరు జట్లూ దానిని మొదటిసారి ఉపయోగించినది 1873లో. అంతకు పూర్వం భారమంతా వెన్ను మీదనే, చేతుల మీదనే పడేది. పీట జారడం మొదలైన తరువాత కాళ్ళు రంగంలోకి వచ్చినాయి. ఈ సంగతిని పాఠకులు గుర్తుంచుకోవాలి. దీనితో తరువాత పని ఉన్నది.

తెడ్డు పట్టే విధానాలు రెండు. ఒక్కొక్కరు రెండేసి తెడ్లు, చేతికి ఒకటి చొప్పున, పట్టి నడిపేది స్కల్లింగు. ఒక్కొక్కరు రెండు చేతులతో ఒకే పెద్ద తెడ్డును పట్టి నడిపేది స్వీప్. మన ఉర్దూ విభాగపు మిత్రులు తెడ్డును చప్పూ అంటారు. ఏ పేరుతో పిలిచినా స్వీప్ పడవలోని తెడ్డు పొడవు పన్నెండు అడుగులకు కొంచెం పైనే ఉంటుంది. అది పడవకు ఒక ప్రక్కన, బయటికి చొచ్చుకొని వచ్చిన లోహపు చట్రానికి అమర్చి ఉంటుంది. కొందరికి తెడ్డు కుడి ప్రక్కన, కొందరికి ఎడమ ప్రక్కన. ఒకసారి ఒక ప్రక్క అలవాటైనవాడు చాలా వరకు సంవత్సరాల తరబడి ఆ ప్రక్కనే ఉండిపోతాడు. 2010లో గ్వాంగ్‌జౌ ఆసియా క్రీడలలో బజరంగ్ లాల్ తాఖర్ భారతదేశానికి ఈ క్రీడలో తొలి ఆసియా స్వర్ణం తెచ్చినది రెండు తెడ్ల ఒంటరి పడవలో. 2022 సంవత్సరపు ఆసియా క్రీడలు 2023లో హాంగ్‌జౌలో జరిగినప్పుడు మనవారు ఎనిమిది మంది కలిసి రజతం గెలిచినది స్వీప్ పడవలో. మన విద్యార్థిది కూడా స్వీప్ పడవే. తెడ్డు అతని కుడి ప్రక్కన.

ఇక ఒక్క తెడ్డు వేటులో దేహంలో జరిగేది చూద్దాము. గట్టు మీద నుండి చూచేవారికి చేతులు లాగుతున్నట్లే కనబడుతుంది. నేనూ చాలాకాలం అట్లాగే అనుకొన్నాను. నిజానికి ఇది కాళ్ళతో తన్నే ఆట. మోకాళ్ళు ముడిచి, దేహం ముందుకు వంచి, చేతులు చాచి, తెడ్డు రెక్కను నీటిలో ముంచే క్షణాన్ని పట్టు అందాము. అక్కడి నుండి తొడ ముందు భాగంలోని క్వాడ్రిసెప్స్ కండరాలు మోకాళ్ళను చాపుతాయి. వాటి వెంటనే పిరుదుల కండరాలూ, తొడ వెనుక కండరాలూ కలిసి తుంటిని తెరుస్తాయి. ఇంత జరుగుతూ ఉండగా వెన్నెముకకు ఇరువైపులా నిలువునా సాగిపోయే ఎరెక్టర్ స్పైనే అనే కండరాలు నడుమును బిగించి పట్టుకొని ఉంటాయి. కాళ్ళ బలం చేతులకు చేరవలసిన దారి నడుమే గదా! దారి వదులైతే బలం మధ్యలోనే వృథా అవుతుంది. కాళ్ళు దాదాపు చాపుకొన్న తరువాత వెన్ను వెనుకకు ఊగుతుంది. చిట్టచివర మోచేతులు ముడుచుకొని, వీపు పైభాగపు కండరాలు తెడ్డు పిడిని రొమ్ము వద్దకు తెస్తాయి. అప్పుడు పొట్ట కండరాలు వెనుకకు వాలుతున్న దేహానికి కళ్ళెం వేస్తాయి. తెడ్డు నీటిని విడిచిపెడుతుంది, పీట మెల్లగా ముందుకు జారుతుంది, మళ్ళీ పట్టు. ఒక వేటులోని శక్తిలో సుమారు సగం కాళ్ళది, మూడవ వంతు మొండెానిది, మిగిలినది చేతులది అని కొలిచినవారు చెబుతారు.

పందెం దూరం రెండు వేల మీటర్లు. పడవను బట్టీ జట్టును బట్టీ ఐదున్నర నిమిషాల నుండి ఎనిమిది నిమిషాల వరకు పడుతుంది. అందులో వేట్లు రెండు వందలకు పైగా. కాని దేహాన్ని మలచేది పందెం కాదు, సాధన. ఒక ఉదయం పదిహేను కిలోమీటర్లు నడిపిన కుర్రవాడు, వేటుకు పది మీటర్లు వేసుకొన్నా, పదిహేను వందల సార్లు ఒకే ప్రక్కకు తిరిగి ఒకే విధంగా లాగుతాడు. వారానికి ఆరు రోజులు, ఇట్లా సంవత్సరాలు. ఇది వెన్నును వంకర చేయదా అన్న అనుమానం తండ్రికి కలగడంలో వింత ఏమీ లేదు.

ఏ కండరం ఎప్పుడు, ఎంతగా పనిచేస్తున్నదో ఎట్లా తెలుస్తుంది? కండరం సంకోచించే ముందు దాని పోగుల మీదుగా స్వల్పమైన విద్యుత్తు ప్రవహిస్తుంది. కప్ప కాళ్ళ మీద ప్రయోగాలు చేసి ఇటలీలోని బొలోన్యా పండితుడు గాల్వానీ 1791లో ప్రకటించిన విషయం నుండి ఈ విజ్ఞానం మొలకెత్తింది. మానవుడు తన ఇష్టం మీద కండరం బిగించినప్పుడు పుట్టే విద్యుత్తును 19వ శతాబ్ది మధ్యలో బెర్లిన్ శాస్త్రవేత్త దు బోయిస్ రేమాండ్ కనుగొన్నాడు. నేడు చర్మాన్ని శుభ్రపరచి, చిన్న బిళ్ళల వంటి ఎలక్ట్రోడులు అంటించి, ఆ సంకేతాన్ని యంత్రంతో నమోదు చేస్తారు. దీనికే ఎలక్ట్రోమయోగ్రఫీ అని పేరు. వోల్టులో వేయవ వంతుకు అటూ ఇటూ ఉండే అతి స్వల్ప సంకేతం అది.

ఇక్కడ ఒక హెచ్చరిక అవసరం. ఈ గీతలు చూచి త్వరపడి తీర్పులు చెప్పేవారు ఎక్కువైనారు. విద్యుత్ సంకేతం పెద్దదైనంత మాత్రాన బలం అంత పెద్దదని అర్థం కాదు. చర్మం క్రింద క్రొవ్వు మందంగా ఉంటే సంకేతం చిన్నదిగా కనిపిస్తుంది. బిళ్ళను వ్రేలి వెడల్పు అటు జరిపితే లెక్క మారుతుంది. కండరం అలసినకొద్దీ, అదే బరువు మోయడానికి మరిన్ని పోగులను పిలవవలసి వస్తుంది కనుక, సంకేతం పెరుగుతుంది. బలం మాత్రం పెరగదు. అందుచేత జాగ్రత్త గల పరిశోధకులు ముందుగా ఆ మనిషిని తన శక్తి కొలది బిగించమని చెప్పి, ఆ గరిష్ఠ సంకేతాన్ని నూరుగా పెట్టుకొని, తక్కినదంతా దానిలో ఎన్నవ శాతమో చూస్తారు. కుడి ఎడమలను పోల్చవలసి వచ్చినప్పుడు ఈ జాగ్రత్త ఇంకా రెట్టింపు కావాలి. చొక్కా విప్పించి కంటితో చూచి వెన్నుకు తీర్పు చెప్పినవారి సంగతి వేరే చెప్పనక్కరలేదు.

ఇక అసలు ప్రశ్న. స్వీప్ పడవలో పట్టు క్షణాన క్రీడాకారుని చేతులు తెడ్డు వైపు చాపు చేయాలి. తెడ్డు పిడి ఒక వృత్తఖండంలో తిరుగుతుంది గనుక మొండెం కూడా దానితో పాటు తెడ్డు ప్రక్కకు తిరుగుతుంది, కొంచెం ఒరుగుతుంది. పిడి చివరను పట్టిన బయటి చేయి ఎక్కువగా లాగుతుంది. లోపలి చేయి లాగుతూనే తెడ్డు రెక్కను త్రిప్పే పని కూడా చేస్తుంది. అంటే రెండు చేతులకు రెండు వృత్తులు. మొండెం తిరిగి ఉన్న ఆ స్థితిలోనే కాళ్ళ బలమంతా వెన్ను మీదకు వచ్చి పడుతుంది. వెన్నుకు ఇరువైపులా ఉన్న కండరాలలో ఒక ప్రక్కవి సాగి ఉంటాయి, రెండవ ప్రక్కవి కుదించుకొని ఉంటాయి. లాగుడు రేఖ కూడా వెన్నెముక నడిమధ్యగా పోదు. మొండెం మరింత మెలిపడకుండా ఆపాలంటే రెండు ప్రక్కలూ సమానంగా పనిచేస్తే చాలదు. ఇది లెక్క చెప్పే మాట.

కొలతలు ఏమి చెప్పినాయి? 2001లో ఇంగ్లండులో ప్రచురితమైన ఒక పరిశోధన ఈ ప్రశ్ననే సూటిగా అడిగింది. పందొమ్మిది మంది పడవ క్రీడాకారులను, వయస్సులో ఎత్తులో బరువులో వారికి సరిపోలే ఇరువై మంది ఇతరులను తీసుకొని, కాళ్ళ బలం, మొండెపు బలం యంత్రం మీద కొలిచినారు. ఫలితం చూచి నేను ఒకటికి రెండుసార్లు చదువుకొన్నాను. మోకాలు చాపే బలం పడవవారికి ఇతరుల కంటె ఎక్కువ. అందులో ఆశ్చర్యం లేదు. కాని కుడికాలికీ ఎడమకాలికీ మధ్య తేడా లేదు. తెడ్డు ఏ ప్రక్కన పట్టినారన్నది కాళ్ళ బలం మీద ఏ ప్రభావమూ చూపలేదు. వెన్ను విషయం మాత్రం అట్లా లేదు. నడుము చాపేటప్పుడు కుడి ఎడమ ఎరెక్టర్ స్పైనే కండరాల విద్యుత్ సంకేతాలు అసమానంగా ఉన్నాయి. ఆ అసమానతకూ తెడ్డు పట్టే ప్రక్కకూ స్పష్టమైన సంబంధం కనిపించింది. నడుము నొప్పికి ఇది ఒక కారణం కావచ్చునని ఆ పరిశోధకులు సూచించినారు. గమనించండి, సూచించినారు. నిరూపించినామని అనలేదు.

కాళ్ళు ఎందుకు సమానంగా మిగిలినాయి? పైన గుర్తుంచుకొమ్మన్న జారుడు పీట ఇందుకు జవాబు. పాదాలు రెండూ ఒకే పలకకు బిగించి ఉన్నాయి. పీట రెండు పట్టాల మీద తిన్నగా జారుతుంది. ఒక కాలు సోమరిపోతు కావడానికి ఆ అమరికలో అవకాశం తక్కువ. తెడ్డు ఎక్కడ ఉన్నా కాళ్ళు తన్నేది పడవ పొడవునే. మెలిక అంతా తుంటికి పైన జరుగుతుంది. టెన్నిస్‌తో పోల్చి చూస్తే ఇది తేటతెల్లమవుతుంది. 1977లో ప్రచురితమైన ఒక పరిశీలనలో, వృత్తిగా టెన్నిస్ ఆడే పురుషుల ఆటచేతి దండఎముక పైపొర రెండవ చేతిదాని కంటె సుమారు ముప్పది ఐదు శాతం మందంగా కనిపించింది. అక్కడ ఒక చేయి పనిచేస్తుంది, రెండవది విశ్రాంతిగా ఉంటుంది. తెడ్డు పట్టినవాని రెండు చేతులూ, రెండు కాళ్ళూ ప్రతి వేటులోనూ పనిచేస్తాయి. పని పంపకంలో తేడా ఉన్నది గాని, విశ్రాంతి ఎవరికీ లేదు.

మరి ఒక ప్రక్క తెడ్డే ఈ అసమానతకంతకూ మూలమా? అట్లాగైతే తెడ్డే లేని యంత్రం మీద అది మాయం కావాలి. ఎర్గోమీటరు అనే సాధన యంత్రంలో పిడి నడిమధ్యన ఉన్న గొలుసుకు కట్టి ఉంటుంది. కుడి ఎడమల ప్రసక్తే లేదు. 2012లో లండన్ పరిశోధకులు ఇరువది ఇద్దరిని ఆ యంత్రం మీద కూర్చోబెట్టి కీళ్ళ కదలికలను కొలిచినారు. వారిలో క్రొత్తవారూ ఉన్నారు, ఆరితేరినవారూ ఉన్నారు. అందరిలోనూ కుడి ఎడమ తేడా బయటపడింది. మోకాళ్ళలో కంటె తుంటి కీళ్ళలో ఆ తేడా ఎక్కువ. అది నడుము క్రింది భాగపు కదలికతో ముడిపడి ఉన్నది. అంటే మనిషి తన అసమానతను తెడ్డు నుండి మాత్రమే తెచ్చుకోడు. యంత్రం వద్దకు తానే మోసుకొని వస్తాడు. రెండు తెడ్ల పడవ కూడా పూర్తిగా సమం కాదన్న సంగతి నాకు సాగరపు గట్టున తెలిసింది. రెండు పిడులూ ఒకదాని మీదికి ఒకటి సుమారు జానెడు మేర వస్తాయి కనుక చేతులు ఒరుసుకోకుండా ఎడమ చేయి కొంచెం పైన నడవాలి. అందుకని పడవలో ఒక ప్రక్క ఆధారాన్ని రెండవ దాని కంటె సుమారు సెంటీమీటరు ఎత్తుగా బిగిస్తారు. ఇంత చేసినా ఎవరి వెన్నూ వంకర పోయిందని ఎవరూ అనడం నేను వినలేదు.

అసమానత మనిషిలోనే కాదు, పడవలో కూడా ఉన్నది. గణితశాఖ మిత్రులకు ఇది ప్రీతి కలిగిస్తుందని ఒక చిన్న పెడదారి పడుతున్నాను. నలుగురు కూర్చున్న పడవలో తెడ్లు కుడి, ఎడమ, కుడి, ఎడమ అని వరుస తప్పకుండా ఉంటే చక్కగా కనిపిస్తుంది. కాని తెడ్డు వేటు మొదటి సగంలో పడవను లోపలికి నెట్టి, రెండవ సగంలో బయటికి లాగుతుంది. ఒక్కొక్కరి దూరాన్ని ఒకటి, రెండు, మూడు, నాలుగు అనుకొంటే, ఒకటిలో రెండు తీసి, మూడు కలిపి, నాలుగు తీస్తే మిగిలేది సున్న కాదు, రుణ రెండు. అందుచేత పడవ ముక్కు ప్రతి వేటుకూ అటూ ఇటూ స్వల్పంగా ఊగుతుంది. నడిమి ఇద్దరినీ ఒకే ప్రక్కకు మార్చి, ఒకటిలో రెండు తీసి, మూడు తీసి, నాలుగు కలపండి. సున్న! ఇటలీలో కోమో సరస్సు ఒడ్డున ఉన్న మోటో గుజ్జీ మోటారు సైకిళ్ళ కర్మాగారపు జట్టు 1956లో ఈ విధంగా కూర్చున్నది. ఆ సలహా ఇచ్చినవాడు ఆ కర్మాగారపు ఇంజనీరు కార్కానో. ఆ సంవత్సరం మెల్బోర్న్ ఒలింపిక్సులో చుక్కానిదారు గల నలుగురి పడవలో ఇటలీ స్వర్ణం గెలిచింది. ఎనిమిది మంది పడవకు ఇటువంటి అమరికలు నాలుగే ఉన్నాయని కేంబ్రిడ్జి ఆచార్యుడు జాన్ బారో 2009లో లెక్కగట్టి చూపినాడు. చూపులకు సమానంగా ఉన్నది సమతూకంగా ఉండనక్కరలేదన్న ఈ సంగతి పడవకు ఎంత వర్తిస్తుందో దాని మీద కూర్చున్నవానికీ అంతే వర్తిస్తుంది.

ఇంతవరకు చెప్పినది చదివి, ఐతే ఈ క్రీడలో వెన్నుకు ప్రమాదమే లేదా అని కమిటీ పెద్దలు అడగవచ్చును. ఉన్నది. పడవ క్రీడాకారులకు తగిలే దెబ్బలలో నడుముదే అగ్రస్థానం. ప్రక్కటెముకలలో సన్నని పగుళ్ళు కూడా అరుదు కాదు. పట్టు తరువాతి క్షణాలలో నడుము పూసల మీద పడే ఒత్తిడి దేహపు బరువుకు కొన్ని రెట్లు ఉంటుంది. కాని ఆ ప్రమాదం వచ్చే దారి మనం అనుకొన్న దారి కాదు. అది ఎక్కువగా అలసట దారిన వస్తుంది. 2003లో పాఠశాల వయస్సు పడవ క్రీడాకారుల మీద ప్రచురితమైన ఒక పరిశీలన నన్ను చాలా ఆలోచింపజేసింది. వారు ఎర్గోమీటరు మీద సాధన మొదలు పెట్టినప్పుడు నడుము తాను వంగగలిగిన దానిలో సుమారు నాలుగింట మూడు వంతులు వంగుతున్నది. సాధన ముగిసే వేళకు తొంభై శాతం దాకా వంగుతున్నది. అదే సమయంలో వెన్ను కండరాల విద్యుత్ సంకేతం పెరుగుతూ పోయింది. అలసిన కండరం కేకలు వేస్తున్నది, నడుము కుంగిపోతున్నది. కుర్రవాడు మాత్రం తాను మొదటి నిమిషంలో లాగినట్లే లాగుతున్నానని అనుకొంటాడు. బయట నుండి చూచే గురువు కన్ను అందుకే కావాలి.

ఇంకొక సంగతి. పూర్తిగా సమానమైన యంత్రం గనుక ఎర్గోమీటరు క్షేమమని చాలామంది భావిస్తారు. అమెరికా కళాశాలల క్రీడాకారులలోనూ, ఐర్లండు జాతీయ జట్టులోనూ జరిగిన పరిశీలనలు దీనికి విరుద్ధంగా చెప్పినాయి. ఆ యంత్రం మీద ఏకబిగిన ఎక్కువసేపు, ముఖ్యంగా అరగంటకు మించి, చేసే సాధనకూ నడుము బాధకూ సంబంధం కనిపించింది. అసమానమైన పడవ కంటె సమానమైన యంత్రం నడుమును ఎక్కువగా వేధించగలదు! కనుక తప్పు అసమానత మీద మాత్రమే మోపడం న్యాయం కాదు. నిపుణులు కలిసి 2021లో నడుము నొప్పిని గూర్చి ఒక ఉమ్మడి ప్రకటన వెలువరించినారు. నొప్పిని దాచకుండా వెంటనే చెప్పగలిగే వాతావరణం జట్టులో ఉండాలనీ, నొప్పి వచ్చినంత మాత్రాన మంచం పట్టించకుండా తగిన మేరకు కదలిక కొనసాగించాలనీ, సాధన భారాన్ని ఒక్కసారిగా పెంచరాదనీ దాని సారాంశం. ఒకసారి నడుము నొప్పి వచ్చినవారికి మళ్ళీ రావడానికి అవకాశం ఎక్కువన్నది కూడా అందులో ఉన్నది. మన కుర్రవాళ్ళలో ఎంతమంది నొప్పి ఉన్నదని నోరు విప్పి చెబుతారు? చెబితే జట్టులో చోటు పోతుందని భయం. ఆ భయం వెన్ను మెలిక కంటె ప్రమాదకరమని నా అభిప్రాయం.

అసమానత ఎంత ఉంటే చింతించాలి అన్నదానికి ఒక్కటే కొలబద్ద లేదు. వెన్నెముక ప్రక్కకు పది డిగ్రీలకు మించి వంగి ఉన్నట్లు ఎక్స్‌రేలో తేలితేనే వైద్యులు దానిని స్కోలియోసిస్ అంటారు. భుజం ఎత్తు చూచి అనరు. అంతకంటె ఎక్కువ వంపు ఉన్నవారు సైతం అందరూ అశక్తులు కారు. పరుగు పందెంలో ప్రపంచ ప్రఖ్యాతుడైన ఉసేన్ బోల్ట్ వెన్నుకు ఆ వంపు ఉన్నది. 2017లో అమెరికాలోని ఒక విశ్వవిద్యాలయపు పరిశోధకులు అతని పరుగును విశ్లేషించి, కుడికాలు ఎడమకాలి కంటె పదమూడు శాతం ఎక్కువ బలంతో నేలను తాకుతున్నదనీ, ఎడమకాలు నేల మీద పద్నాలుగు శాతం ఎక్కువసేపు నిలుస్తున్నదనీ చెప్పినారు. దానిని సరిదిద్దబోతే అతని వేగం పెరిగేదో తరిగేదో! ఐతే వంగి నిలబడినప్పుడు వీపు ఒక ప్రక్క మూపు వలె పైకి లేచినా, నొప్పి కాలిలోకి దిగినా, పాదం తిమ్మిరెక్కినా, దగ్గినప్పుడు ప్రక్కటెముక వద్ద పొడిచినట్లున్నా ఆలస్యం చేయక వైద్యుని వద్దకు పోవలసినదే. అక్కడ నా వంటి ఉపాధ్యాయుని వ్యాసం పనికిరాదు.

ఈ సంగతులన్నీ పోగు చేసుకొన్న తరువాత ఆ తండ్రిని పిలిపించినాను. టైరు పోలిక ఆయనదే గనుక ఆయన మాటలోనే జవాబు చెప్పినాను. టైరు వాడినకొద్దీ అరుగుతుంది, కండరం వాడినకొద్దీ పెరుగుతుంది. మీవాని వీపున ఒక ప్రక్క ఉబ్బెత్తుగా ఉన్నది అరుగుదల కాదు, పెరుగుదల. ఆయన కొంతసేపు ఆలోచించి, "మరి స్టీరింగు?" అన్నాడు. మంచి ప్రశ్న. స్టీరింగు సరిచేయడానికి మార్గాలు ఉన్నాయని చెప్పినాను. నేల మీద వ్యాయామాలలో రెండు ప్రక్కలకూ సమానంగా పని చెప్పడం, తుంటి కీళ్ళు చక్కగా ముడుచుకొనేట్లు సాధన చేయించి నడుము మీద వంపు భారం తగ్గించడం, వారంలో కొన్ని రోజులు రెండు తెడ్ల పడవ ఎక్కించడం, వీలైతే ప్రక్క మార్చడం. ప్రక్క మార్చడం సాధ్యమేనా అని ఆయనకు సందేహం. ఇంగ్లండుకు చెందిన జేమ్స్ క్రాక్‌నెల్ 2000లో సిడ్నీ ఒలింపిక్సులో స్వర్ణం గెలిచిన తరువాత ప్రక్క మార్చుకొని, మాథ్యూ పిన్సెంట్‌తో కలిసి 2001 ప్రపంచ పోటీలలో ఇద్దరి పడవల పందేలు రెండింటినీ ఒకే రోజు కొన్ని గంటల తేడాతో గెలిచిన సంగతి చెప్పినాను. దేహం ఒక ప్రక్కకు గట్టిపడిపోయిన కొయ్య కాదనడానికి అంతకంటె నిదర్శనం నాకు దొరకలేదు.

విద్యార్థిని ఒక ఎముకల వైద్యునికి చూపించినాము. వంగి చూపించమన్నారు, ఎక్స్‌రే తీయించినారు, వెన్ను తిన్నగానే ఉన్నదని వ్రాసి ఇచ్చినారు. భుజం మాత్రం ఇప్పటికీ కొంచెం క్రిందుగానే ఉంటుంది. అతని తండ్రిని చూచినాను, ఆయనదీ అంతే. కమిటీ పెద్దలకు నేను సమర్పించిన కాగితంలో మూడే కోరికలు ఉన్నాయి: సాధన భారం నెలకు కొంచెం కొంచెంగా పెంచాలి, ఎర్గోమీటరు మీద ఎవరినీ ఏకబిగిన అరగంటకు మించి కూర్చోబెట్టరాదు, నొప్పి ఉన్నదని చెప్పిన విద్యార్థి పేరు ఆ కారణం చేత జట్టు నుండి కొట్టివేయరాదు. మొదటి రెండింటికీ అంగీకారం లభించింది. మూడవది తరువాతి సమావేశానికి వాయిదా పడింది.

ఈ ఏడు చలికాలంలో ఆ కుర్రవాడు మళ్ళీ సాగరానికి పోతున్నాడు. తెడ్డు ఇప్పుడు ఎడమ ప్రక్కన. మొదటి వారమంతా తెడ్డు రెక్క త్రిప్పడం రాక, మణికట్టు వాచి, ముందు కూర్చున్నవాని వీపు మీద పిడితో పొడుస్తూ తిట్లు తిన్నాడట. మూడవ వారంలో పడవ తిన్నగా పోయిందని వచ్చి చెప్పినాడు.